చీపురు కాసేపు పక్కన పెట్టండి

మా ఇంటి వెనక వసారాలో బట్టలారేసే తీగకి ఒక ఆడ తేనెపిట్ట గూడు మొదలుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో నేను వసారా అంతా బూజు దులిపాను. పనిగట్టుకుని చేసింది కాదు, ఎప్పుడూ చేసే పనే. పొడుగు కర్రకి చీపురు కట్టి మూలమూలనా ఉన్న సాలెగూళ్ళన్నీ లాగేసి, చేతులు కడుక్కుని లోపలికొచ్చి కూర్చున్నాను. కాసేపటికి పిట్ట వచ్చింది. నేరుగా తీగ దగ్గరికి పోకుండా పైకప్పు మూలకి ఎగిరి, రెక్కలు టపటపలాడిస్తూ గాల్లోనే ఆగి, ముక్కు ముందుకు చాపి, ఏమీ దొరక్క వెనక్కి తగ్గింది. మళ్ళీ వెళ్ళింది. పక్క మూల చూసింది, కిటికీ చువ్వల వెనక చూసింది, ట్యూబ్‌లైటు పట్టీ కింద చూసింది. చివరికి ఖాళీ ముక్కుతోనే తీగ మీద వాలి, అటూ ఇటూ మెడ తిప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంక రాలేదు.

నేను బూజు అనుకుని దులిపేసింది దానికి సిమెంటూ తాడూ రెండూనని అప్పటికి గానీ నాకు తెలియలేదు. అప్పటినుంచీ ఈ విషయం నా బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన మధ్య బతికే పిట్టల గురించి మాట వచ్చినప్పుడల్లా అందరం అనేది ఒకటే: పాపం వాటికి గూళ్ళు కట్టుకునే చోటు లేదు, పెట్టెలు కొని తగిలిద్దాం, గింజలు పోద్దాం, నీళ్ళు పెడదాం. మంచి మనసుతో అనే మాటలే, చెయ్యొద్దని నేననను. కానీ వాటికి మనం కొత్తగా తెచ్చిపెట్టాల్సిన వాటికన్నా, ఉన్నవాటిని తీసిపారెయ్యకుండా వదలాల్సినవే ఎక్కువని నా గట్టి నమ్మకం. గోడలో కన్నం, కుళాయి కింద బురద, మూలన సాలెగూడు, చెట్టుకింద ఎండు పుల్లలు, రాలిన ఈక, ఆకు మీద పురుగు. మన లెక్కలో ఇవన్నీ చెత్త. ఒక్కొక్కటే తుడిచేసుకుంటూ వచ్చి, ఆ తర్వాత పిట్టలు ఎందుకు రావట్లేదని బాధపడుతున్నాం.

తేనెపిట్ట గూడు దగ్గరనుంచి చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మా పిట్ట రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది, పక్కింటి ప్రహరీ మీది తీగపాదులో సాలెగూళ్ళు దొరికినట్టున్నాయి. దాని పని తీరు ఇది: ముందు సాలెదారాన్ని ముక్కుతో సాగదీస్తూ తీగ చుట్టూ ఒక పట్టీలా చుడుతుంది. చుట్టిందే చుడుతుంది. ఆ పట్టీ నుంచి కిందికి ఒక పోగు వేలాడదీసి, దానికి గడ్డిపరకలు, బెరడు పెచ్చులు, ఎండాకు ముక్కలు, చివరికి గొంగళిపురుగుల పెంటికలు కూడా ఒక్కొక్కటే అతికిస్తుంది. అతికించాక ప్రతిసారీ పైన ఇంకో దారం లాగుతుంది. కొన్ని రోజులకి అదంతా గాలికి చిక్కుకున్న చెత్త కుచ్చులా కనిపిస్తుంది, అలా కనిపించడమే దానికి రక్ష. అప్పుడు నడుమ ముక్కు దూర్చి, తల దూర్చి, తర్వాత మొత్తం ఒళ్ళే దూర్చి లోపల గిరగిరా తిరుగుతూ రొమ్ముతో అదిమి అదిమి గుల్ల చేస్తుంది. గుమ్మం పైన చిన్న చూరు కూడా దింపుతుంది. ఇదంతా ఆడపిట్ట ఒక్కతే చేసింది. మగది పక్కన కూర్చుని పాడింది, పిల్లలు పుట్టాక మాత్రం మేత తెచ్చింది.

సాలెదారమే ఎందుకంటే, అది అంటుకుంటుంది, సాగుతుంది, తడిసినా తెగదు. గుడ్లున్నప్పుడు గుప్పెడంత ఉన్న సంచి, పిల్లలు పెరిగి లోపల కిక్కిరిసేసరికి వాటితోపాటే వెడల్పవుతుంది. ఎక్కడో అమెరికా ఖండాల్లో ఉండే హమ్మింగ్‌బర్డ్‌లకి, యూరప్‌లో ఉండే పొడుగుతోక టిట్ పిట్టలకి, మన తేనెపిట్టకి దగ్గరి చుట్టరికం ఏమీ లేకపోయినా అన్నీ ఈ దారాన్నే పట్టుకున్నాయి. ఆకుల్ని కుట్టే దర్జీ పిట్ట కూడా దూది, నార పోగులతో పాటు సాలెదారం వాడుతుంది. ముక్కుతో ఆకు అంచున కన్నం పొడిచి, పోగు దూర్చి, అవతల దాని కొస ఉబ్బి జారిపోకుండా చూసుకుంటుంది. మనం కుట్టినట్టు ఒకే దారం వరసగా పోదు, ఏ కుట్టుకి ఆ కుట్టే. బజారులో ఏ దారం కొని తెచ్చిపెట్టినా సాలెదారం చేసే పని చెయ్యదు. మనం చెయ్యగలిగిందల్లా ఒక మూల సాలీడుని వదిలేయడం.

గోడల సంగతి. పావురం పుట్టింది కొండచరియల్లో. దానికి అపార్ట్‌మెంటు అంటే ఏసీ డబ్బాలు పెట్టిన కొండ. సన్నటి అంచు, వెనక గోడ, పైన నీడ దొరికితే చాలు. అది నాలుగు పుల్లలు పడేసి గుడ్లు పెడితే మనం బద్ధకం అంటాం గానీ, చదునైన రాతి అంచున గుడ్డు దొర్లిపోకుండా ఆపడానికి నాలుగు పుల్లలు చాలు, అంతకు మించి కట్టాల్సిన పనేముంది? అలాగే ఇంటి పిచ్చుక కన్నాల పిట్ట. వ్యవసాయం మొదలైనప్పటి నుంచీ మనల్ని అంటిపెట్టుకునే ఉంది. 2018లో దాని జన్యువుల మీద వచ్చిన అధ్యయనంలో, పిండిపదార్థం అరిగించుకోవడానికి పనికొచ్చే జన్యువులో మార్పు కనిపించింది, మనుషులకి దూరంగా బతికే దాని దగ్గరి చుట్టంలో ఆ మార్పు లేదు. అంటే మన గింజలకి తగ్గట్టు దాని ఒళ్ళే మారింది. మనం మాత్రం పెంకుల సందు, వాసాల సందు, వెంటిలేటర్ వెనక ఖాళీ, అన్నీ పూడ్చేసి నున్నటి గోడ, అద్దాల గోడ కట్టుకున్నాం. బ్రిటన్‌లో 1977 నుంచి 2008 లోపల ఇంటి పిచ్చుకలు 71 శాతం తగ్గాయి. కారణం కన్నాలొక్కటే కాదు, పురుగులు తగ్గడం కూడా ఉంది, ఆ సంగతి కింద రాస్తాను.

యూరప్‌లో వేసవికి వచ్చే స్విఫ్ట్ పక్షుల కథ చదివితే నాకు మా వసారా గుర్తొస్తుంది. ఏడాదిలో పది నెలల పాటు దాదాపు నేల తాకకుండా గాల్లోనే బతకగలవని 2016లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. గూటికి కావలసిన ఈకలు, గడ్డిపోచలు కూడా ఎగురుతూ గాల్లోనే పట్టి ఉమ్మితో అతికిస్తాయి. ఆఫ్రికా నుంచి వేల కిలోమీటర్లు దాటొచ్చి పోయినేడాది గూడు కట్టిన కన్నానికే వస్తాయి. ఈలోపు ఆ ఇంటివాళ్ళు చూరు మరమ్మతు చేయించి కన్నం పూడ్చేసి ఉంటే, అవి ఆ చోటనే గోడకి కొట్టుకుంటాయి, మళ్ళీ మళ్ళీ. వాటికి ఆ గోడ గుర్తే, పెట్టెలో గూడు అలవాటు కావడానికి ఏళ్ళు పట్టొచ్చు.

బురద కూడా అంతే. ఇళ్ళ చూరుల కింద, వంతెనల కింద గూడు కట్టే స్వాలో పిట్టలకి తడి మట్టి కావాలి. ముక్కుతో తెచ్చేది బఠాణీ గింజంత ముద్ద, గూడు పూర్తయ్యేసరికి అలాంటివి వెయ్యి దాకా పడతాయి. అన్నీ ఒకేసారి పెడితే కూలిపోతుంది కాబట్టి కొంత కట్టి, ఆరనిచ్చి, మళ్ళీ కడతాయి. చుట్టుపక్కల అంతా కాంక్రీటు పరిచేసి, చుక్క నీరు నిలవకుండా చేశాక ఆ వెయ్యి ముద్దలు ఎక్కడినుంచి వస్తాయి? దోమల భయం నాకూ ఉంది, మురికి నీళ్ళు నిలవనివ్వమని అనట్లేదు. మొక్కల పాదులో మట్టి తడిగా ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు బాధపెట్టే భాగానికి వస్తాను. సహజమైనవి తీసేశాక ఆ చోటు ఖాళీగా ఉండదు. మనం పారేసినవి అక్కడికి చేరతాయి, పిట్టలు వాటితో కడతాయి. గూడు కట్టడం పుట్టుకతో వచ్చే గుడ్డి అలవాటు అని చాలామంది అనుకుంటారు, నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను. కానీ అలా కాదని చూపించే పరిశీలనలు చాలా ఉన్నాయి. బోట్స్వానాలో ఒక రకం గిజిగాళ్ళని గమనిస్తే, ఒకే మగపిట్ట ఒక్కో గూటికి ఒక్కో తీరులో అల్లింది, కట్టే కొద్దీ గడ్డి జారవిడవడం తగ్గింది. జీబ్రా ఫించ్ పిట్టల పంజరానికి రంగు కాగితం అంటించి, రెండు రంగుల కాగితపు పోగులు ఇస్తే, ఎక్కువగా గోడ రంగుతో కలిసిపోయేవే ఏరుకున్నాయి. అంటే అవి చూస్తాయి, ఎంచుకుంటాయి, నేర్చుకుంటాయి. కాకపోతే ఎంచుకోవాల్సింది చుట్టూ ఉన్నవాటిలోంచే కదా.

మెక్సికో సిటీలో ఇంటి పిచ్చుకలు, హౌస్ ఫించ్ అనే పిట్టలు మనుషులు కాల్చి పారేసిన సిగరెట్ పీకల్లోని దూదిని గూట్లో పరుస్తున్నాయి. నికోటిన్‌కి పురుగులు చస్తాయి కాబట్టి ఆ గూళ్ళలో పిల్లల్ని పీక్కుతినే పేలలాంటి పురుగులు తక్కువ. గూట్లో కావాలని బతికున్న పిడుదుల్ని వదిలితే ఫించ్‌లు ఇంకా ఎక్కువ పీకలు తెచ్చాయి కూడా, అంటే మందులా వాడుతున్నాయి. కార్సికా దీవిలో బ్లూ టిట్ పిట్టలు ఇదే పనికి లావెండర్, పుదీనా జాతి ఆకులు తెచ్చుకుంటాయి, ఆకులు తీసేస్తే ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తెచ్చి పెడతాయి. నగరంలో ఆ ఆకు బదులు పీక దొరికింది. పీకలు ఎక్కువున్న గూళ్ళలో పిల్లల రక్తకణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్న గుర్తులు కూడా ఎక్కువగా కనిపించాయి. పిట్ట తెలివికి లోటు లేదు, దానికి దొరికిన మందే విషం.

కాకుల సంగతి చూడండి. ఇనప తీగలు, హ్యాంగర్లతో గూడు కట్టడం చాలా నగరాల్లో కనిపిస్తుంది. బెల్జియంలోని యాంట్‌వెర్ప్‌లో ఒక మాగ్‌పై, అది కాకి కుటుంబమే, పిట్టలు వాలకుండా మనం భవనాల అంచుల్లో బిగించే ముళ్ళ పట్టీలనే పీక్కొచ్చి గూడు కట్టింది. 2023లో దాని గురించి రాసినవాళ్ళు లెక్కపెడితే 1500 దాకా ముళ్ళున్నాయి. మాగ్‌పైలు మామూలుగా ముళ్ళ కొమ్మలతో గూటికి పైకప్పు వేస్తాయి, గుడ్లు దొంగిలించేవాళ్ళు రాకుండా. ఈ వార్త చాలామంది నవ్వుకుంటూ పంచుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ముళ్ళ కొమ్మకి బదులు దానికి దొరికింది దాన్ని తరిమేయడానికి పెట్టిన వస్తువు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో కూట్ అనే నీటిపక్షులు ప్లాస్టిక్‌తో కడుతున్నాయి. ఆకులూ కాడలైతే కుళ్ళిపోయి ఏటేటా కొత్తగా కట్టాలి, ప్లాస్టిక్ కుళ్ళదు, అందుకే ఒకదానిమీద ఒకటి పొరలు పేరుకున్నాయి. అలాంటి ఒక గూటి అడుగుపొరల్లో 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రకటనున్న చాక్లెట్ కాగితం దొరికింది.

వీటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది దారాలు. కాలిఫోర్నియాలోని డేవిస్ పరిసరాల్లో కాకుల గూళ్ళు పరిశీలిస్తే 85 శాతం గూళ్ళలో మనుషులు పారేసిన సామాను ఉంది, 195 పిల్లల్లో 11 వాటిలో చిక్కుకున్నాయి. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. నేను ఒక్కసారి చూశాను, అది చాలు. మా స్నానాలగది వెంటిలేటర్లో పిచ్చుక గూడుండేది. పిల్లలన్నీ ఎగిరిపోయాక ఒకటి మాత్రం ఇంకా అరుస్తోంది. స్టూలెక్కి చూస్తే కాలికి నైలాన్ పోగు, బియ్యం సంచి కుట్టు విప్పితే వస్తుందే, అలాంటిది, నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. ఎగరబోయిన ప్రతిసారీ బిగుసుకుని కాలు వాచి, పోగు చర్మంలోకి దిగిపోయింది. తల్లి అప్పటికీ మేత తెచ్చి పెడుతూనే ఉంది. గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెరతో ఒక్కో చుట్టూ కోసి తీశాను, నా చేతిలో దాని గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తోంది. బతికిందో లేదో చెప్పలేను, ఎగిరి ఎదురింటి చెట్టులోకి మాత్రం వెళ్ళింది. ఆ రోజు నుంచి సంచుల దారాలు, జుట్టు చిక్కులు, గాలిపటం దారం ఏవైనా సరే, వేలెడు ముక్కలుగా కత్తిరించి మూతున్న డబ్బాలో వేస్తాను. పిట్టలకి పనికొస్తాయని ఊలు పోగులు, పొడుగు దారాలు బయట వేలాడదీసే వాళ్ళకి కూడా ఇదే నా విన్నపం, దయచేసి వద్దు.

ఇక పిట్టల వల్ల ఇబ్బంది ఉండదా అంటే, ఉంటుంది. పావురం గూడు శుభ్రం చేసుకోదు, పిల్లల రెట్టలు అక్కడే గట్టిపడి గూట్లో భాగమైపోతాయి. ఎండిన రెట్టల పొడి రోజూ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం నిజంగానే ఉంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉంటే బాల్కనీకి వల కట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది ఎప్పుడు కడుతున్నామన్నదాన్ని. మొదటి పుల్ల పడకముందే కట్టాలి. గుడ్లు పెట్టాక, పిల్లలు పుట్టాక గూడు తీసి కింద పారేసి వల బిగించడం మాత్రం ఎంత చెప్పినా నాకు సమర్థనగా అనిపించదు. పావురం గుడ్లు పొదగడానికి 17 నుంచి 19 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నాలుగైదు వారాలు. పిచ్చుకకి, తేనెపిట్టకి మొత్తం కలిపినా నెలకి అటూ ఇటూ. బ్రిటన్‌లో 1981 చట్టం ప్రకారం గుడ్లో పిల్లలో ఉన్న అడవిపక్షి గూడు పాడుచెయ్యడం నేరం. చట్టం ఉన్నా లేకున్నా నెల రోజులు ఒక వెంటిలేటర్ తెరవకుండా ఉండటం మనవల్ల కానిదేం కాదు. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న మాట కూడా నమ్మకండి, గూట్లోంచి పడిన పిల్లని మెల్లగా తిరిగి గూట్లో పెట్టొచ్చు. అయితే కడుతున్నప్పుడు, గుడ్లు పెడుతున్నప్పుడు మాటిమాటికీ వెళ్ళి ఫోటోలు తీస్తే మాత్రం వదిలేసి పోవచ్చు.

గూడు పెట్టెల గురించి పైన సగమే చెప్పాను. చెక్కవైతే, నీడలో ఉంటే, పిచ్చుకకి 32 మిల్లీమీటర్ల కన్నం ఉంటే పనికొస్తాయి. రంగురంగుల ప్లాస్టిక్ పెట్టెని ఎండలో తగిలిస్తే లోపల పిల్లలు ఉడికిపోతాయి. పెట్టె ఉన్నా పిల్లలు బతకాలంటే పురుగులు కావాలి. గింజలు తినే పిచ్చుక కూడా మొదటి రోజుల్లో పిల్లలకి పెట్టేది గొంగళిపురుగులూ పేనుబంకా సాలీళ్ళే. మొక్కలన్నిటికీ మందు కొట్టి పక్కనే పెట్టె తగిలించడమంటే, ఊయల కట్టి పాలు ఆపేసినట్టే. అందుకే పెట్టె కంటే ముందు, మందు కొట్టని రెండు మొక్కలు అంటాను నేను.

గోడ కట్టేటప్పుడే పిట్ట గురించి ఆలోచించడం కొత్త సంగతేం కాదు. ఒట్టొమన్ల కాలంలో ఇస్తాంబుల్ మసీదుల గోడలకి పిట్టల కోసం చిన్న చిన్న రాతి మేడలు చెక్కారు, కిటికీలు, గోపురాలతో సహా, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ లోపల వేల అరలున్న పావురాల బురుజులు కట్టారు, వాళ్ళకి రెట్టలు పొలాలకి ఎరువు. ఉత్తర అమెరికాలో ఆదివాసులు పర్పుల్ మార్టిన్ పిట్టల కోసం ఎండిన సొరకాయ బుర్రలు వేలాడదీసేవాళ్ళు. ఇప్పుడు తూర్పు అమెరికాలో ఆ పిట్టలు దాదాపు పూర్తిగా మనుషులు పెట్టిన గూళ్ళలోనే పిల్లల్ని చేస్తున్నాయి. ఇప్పుడు కొన్నిచోట్ల గోడలో కలిసిపోయే బోలు ఇటుకలు స్విఫ్ట్‌ల కోసం పెడుతున్నారు. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, గోడ వెలుపలి వైపు చూరు కింద అలాంటి ఒకటి రెండు ఖాళీలు వదలమని మేస్త్రీకి ఇవాళే చెప్పండి. ప్లాస్టరింగ్ అయ్యాక చెప్పి లాభం లేదు.

మా తేనెపిట్ట రెండు గుడ్లు పెట్టింది. రెండు పిల్లలూ ఎగిరిపోయాయి, అప్పటికి ఆ సంచి సాగి సాగి అడుగున వెలుతురు కనిపించేంత పల్చబడింది. ఖాళీ గూడు తీసేద్దామని ఇంట్లో అన్నారు, నేను కొన్నాళ్ళు ఉంచమన్నాను. మొన్న పొద్దున ఇంకో ఆడపిట్ట, అదేనేమో కూడా, వచ్చి ఆ పాత గూటికి తలకిందులుగా వేలాడి లోపలి దూది పీకి తీసుకుపోయింది. గంటలో పదకొండు సార్లు వచ్చింది, నేను లెక్కపెట్టాను. దూది అయిపోయాక పైపైన ఉన్న సాలెదారం లాగడం మొదలుపెట్టింది. ఇప్పుడు తీగకి చుట్టిన పట్టీ ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా రోజూ కాస్త కాస్త విప్పుకుపోతోంది. కొత్త గూడు ఎక్కడ కడుతోందో నాకింకా కనిపించలేదు. వసారా మూలన సాలీడు మళ్ళీ గూడు అల్లుకుంది, బట్టలు నేను తీగకి ఈ చివరే ఆరేస్తున్నాను.